ధ్యానమునుండి దానమునకు – ఆచార్య వినోబా భావే

ధ్యానమనగా లోకమును విడిచి కూర్చుండుట యని చాలమంది తలంపు. ఆ ధ్యానమును బీదల గుడిసెల నడుమకు నడిపించుకొని వచ్చిన మహనీయుడు ఆచార్య వినోబా భావే.

వినోబా 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రమందలి గాగోదె గ్రామములో జన్మించిరి. 1916లో గాంధీజీని చేరిరి. 1938లో ఆరోగ్యము చెడి, వార్ధా చెంతనున్న పౌనారునకు వెళ్లుచు, ధామ్ నదిపై వంతెన దాటునప్పుడే ఆశ్రమ భారములన్నియు మనసున విడిచివేసిరి. ఏ చింతయు లేక మనస్సును ఖాళీగా నుంచుకొనుటయే నాటి వారి సాధన. ఒడలు కోలుకొన్న వెనుక అచ్చటనే నేల త్రవ్విరి. తరువాత వేలూరు జైలులో నాలుగు దక్షిణాది భాషలు నేర్చిరి. బళ్లారి బ్రూస్‌పేట అంగళ్లలో వినబడు తెలుగు, కన్నడములు రెండును అందులోనివే.

1951 మార్చిలో కాలినడకన బయలుదేరి, ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపమున శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు వచ్చిరి. అప్పుడు తెలంగాణము రైతుల సాయుధ పోరాటముతో అట్టుడుకుచుండెను. ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేని 40 దళిత కుటుంబములవారు 80 ఎకరములు కావలెనని కోరిరి. వినోబా ఆ సభలోనివారినే అడిగి చూచిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఆ రాత్రి వినోబాకు సరిగా నిద్ర పట్టలేదు. మరునాటినుండి ఊరూర నడచి భూమి నడిగిరి. తెలంగాణములో 51 దినములలో 12 వేల ఎకరములకు పైగా లభించెను. తనలో నాది యను భావము తగ్గనివాడు పరుల భూమిని కోపము లేక, భయము లేక అడుగజాలడు. వినోబా సాధన ఇచ్చట ఫలించెను.

పదమూడేండ్లకు పైగా సాగిన ఆ నడకలో 40 లక్షల ఎకరములకు పైగా దానపత్రముల కెక్కినవి. అయితే అందులో బీడునేలయు, వ్యాజ్యపు నేలయు చాల కలదు. పెద్ద భాగము బీదలకు చేరనేలేదు. ఆ లోటును దాచి ఉద్యమమును పొగడుట న్యాయము కాదు.

వినోబా జైన కుటుంబమున పుట్టినవారు కారు. అయినను మహావీరస్వామి 2500వ నిర్వాణోత్సవ సందర్భమున, వారి ప్రేరణచేతనే వివిధ జైన శాఖల మునులు, పండితులు 1974లో ఢిల్లీలో కూడి సమణసుత్తమును ఆమోదించిరి. జినేంద్ర వర్ణిగారు కూర్చిన ఆ గ్రంథమున 756 గాథలు కలవు. 1982 నవంబరులో వినోబా జబ్బుపడి, ఆహారమును ఔషధమును మాని, 15వ తేదీ దీపావళినాడు, అనగా మహావీర నిర్వాణ దినముననే, పౌనారులో ప్రశాంతముగా దేహము చాలించిరి. సల్లేఖన నెరిగిన జైనులకు ఆ మరణమును వివరింప నక్కరలేదు.

అపరిగ్రహము వ్రతముగా గల వర్తక కుటుంబములకు ఈ జీవితము చెప్పునది ఒక్కటే. సామాయికమున కన్నులు మూసినప్పుడు తగ్గిన మమకారము, కన్నులు తెరచిన పిదప ఇనుపపెట్టె దగ్గరను తగ్గియుండవలెను. సభలో పలికిన దానము పద్దుగా మాత్రమే నిలుచును. బీదవాని చేతికి చేరిననాడే అది జమయగును.