సేమూర్ క్రే

సేమూర్ రోజర్ క్రే (1925 సెప్టెంబరు 28 - 1996 అక్టోబరు 5) అమెరికాకు చెందిన ఎలక్ట్రికల్ ఇంజనీరు, సూపర్ కంప్యూటర్ల రూపశిల్పి. 1960, 1970 దశకాలలో ప్రపంచంలోకెల్లా వేగవంతమైన కంప్యూటర్లుగా పేరొందిన వాటిలో అధికభాగం ఈయన రూపొందించినవే. కంప్యూటర్ వేగం పెంచాలంటే మొదట దాని వేడిమిని తొలగించే మార్గం చూడాలన్న సత్యాన్ని ఆచరణలో చూపిన వారిలో ఈయన అగ్రగణ్యుడు. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను తయారీదారు నిర్దేశించిన దానికంటే ఎక్కువ వేగంతో నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. అందులో ఎదురయ్యే ఉష్ణ సమస్యను క్రే దశాబ్దాల ముందే, అనేక రెట్లు పెద్ద స్థాయిలో ఎదుర్కొన్నాడు.

బాల్యం, విద్య

క్రే విస్కాన్సిన్ రాష్ట్రంలోని చిప్పెవా ఫాల్స్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి సివిల్ ఇంజనీరు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి రేడియో విభాగంలో పనిచేశాడు. తరువాత మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా, 1951లో అనువర్తిత గణితంలో స్నాతకోత్తర పట్టా పొందాడు.

కంట్రోల్ డేటా సంస్థలో

1950ల ఆరంభంలో ఇంజనీరింగ్ రీసెర్చ్ అసోసియేట్స్ అనే సంస్థలో ఉద్యోగం ప్రారంభించిన క్రే, 1958లో కంట్రోల్ డేటా కార్పొరేషన్‌లో చేరాడు. కార్యాలయపు హడావుడి ఈయనకు గిట్టదు. అందువలన స్వస్థలమైన చిప్పెవా ఫాల్స్‌లోనే ప్రయోగశాలను ఏర్పాటు చేయించుకొని, కొద్దిమంది సహచరులతో 1964లో సీడీసీ 6600 అనే కంప్యూటర్‌ను వెలువరించాడు. సూపర్ కంప్యూటర్ అన్న పేరుకు తగిన మొదటి యంత్రంగా దీనిని పలువురు పరిగణిస్తారు.

విద్యుత్ సంకేతం ఒక నానోసెకండు కాలంలో 30 సెంటీమీటర్లకు మించి ప్రయాణించలేదు. తీగలలో దాని వేగం ఇంకా తక్కువ. కనుక యంత్రం వేగంగా పనిచేయాలంటే తీగలు పొట్టిగా ఉండాలి. తీగలు పొట్టిగా ఉండాలంటే విడిభాగాలను దగ్గరగా పేర్చాలి. అలా ఇరికించిన చోట వేడి పోగవుతుంది, గాలి విసిరినంత మాత్రాన అది పోదు. అందుచేత 6600లో డీన్ రౌష్ అనే ఇంజనీరు సహకారంతో, రిఫ్రిజిరేటర్లలో వాడే ఫ్రియాన్‌ను గొట్టాల ద్వారా ప్రవహింపజేశారు.

1969 నాటి 7600 తరువాత చేపట్టిన 8600లో ఈ పద్ధతి హద్దులు దాటింది. విడిభాగాలు మరీ కిక్కిరిసి ఉండటంతో యంత్రం నమ్మకంగా పనిచేయలేదు. మళ్ళీ మొదటి నుండి రూపొందించడానికి సంస్థ వద్ద ధనం లేదు. 1972లో క్రే బయటకు వచ్చి క్రే రీసెర్చ్ సంస్థను స్థాపించాడు. 8600ను 1974లో విరమించారు.

క్రే-1

ఈయన పేరు లోకమంతటా తెలియడానికి కారణం క్రే-1. మొదటి యంత్రాన్ని 1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో నెలకొల్పారు. దీని క్లాక్ వేగం 80 మెగాహెర్ట్జ్, వినియోగించే విద్యుత్తు సుమారు 115 కిలోవాట్లు, బరువు 5 టన్నులకు పైమాటే. పైనుండి చూస్తే ఆంగ్ల అక్షరం సి ఆకారంలో ఉంటుంది. లోపలి తీగల పొడవు తగ్గించడానికే ఆ వంపు. చుట్టూ ఉన్న మెత్తని బల్లలు సందర్శకుల కోసం వేసినట్లు కనిపించినా, వాటి క్రింద విద్యుత్ సరఫరా పరికరాలు ఉన్నాయి.

ఇందులోని చిప్పులు పని లేనప్పుడు కూడా దాదాపు అంతే విద్యుత్తును తీసుకొనే రకం. కావున వేడి ఎడతెగకుండా పుడుతూ ఉంటుంది. రెండేసి సర్క్యూట్ బోర్డుల మధ్య ఒక రాగి రేకును బిగించారు. వేడి ఆ రేకు ద్వారా అంచులకు చేరి, అక్కడి అల్యూమినియం దిమ్మెలలోని స్టీలు గొట్టాలలో ప్రవహించే ఫ్రియాన్‌కు అందుతుంది. నేటి ప్రాసెసర్లపై రాగి దిమ్మెను ఆనించి, వేడిని గొట్టాల ద్వారా దూరంగా తరలించే ఏర్పాటు మూలసూత్రంలో ఇదే. అయితే ఇది ఒక్కసారిగా సిద్ధించలేదు. ఫ్రియాన్‌తో కలిసి తిరిగే కందెన నూనె అతుకుల నుండి కారి, బోర్డులపై పేరుకొని షార్ట్ సర్క్యూట్ కలిగించేది. కొత్త వెల్డింగు పద్ధతి దొరికేవరకు కొన్ని నెలల కాలం వృథా అయింది.

క్రే-2

1985లో వెలువడిన క్రే-2లో బోర్డులను ఒకదానిపై మరొకటి దొంతరలుగా పేర్చారు. వాటి నడుమ రాగి రేకుకు చోటే లేదు. అప్పుడు క్రే యంత్రాన్ని ఏకంగా ద్రవంలో ముంచాడు. ఫ్లోరినర్ట్ అనే ఆ ద్రవం విద్యుత్తును ప్రసరింపనీయదు. అది వేడిని గ్రహించి వెలుపలి చల్లని నీటికి అందజేసేది. గృహ కంప్యూటర్లను ఇటువంటి ద్రవాలలో ముంచి ఓవర్‌క్లాకింగ్ చేసే ఔత్సాహికులు తరువాతి కాలంలో బయలుదేరారు. ఫ్లోరినర్ట్ తయారీదారైన 3ఎం సంస్థ, పర్యావరణంలో చిరకాలం నిలిచిపోయే ఈ తరహా రసాయనాల తయారీని 2025 చివరికి మానివేస్తామని 2022లో ప్రకటించింది.

భారతదేశంతో సంబంధం

1980లలో భారత ప్రభుత్వం వాతావరణ అంచనాల నిమిత్తం క్రే రీసెర్చ్ వారి ఎక్స్-ఎంపీ యంత్రాన్ని కొనదలచింది. అమెరికా శక్తిమంతమైన నమూనాను నిరాకరించి, చిన్నదైన ఎక్స్-ఎంపీ 14ను మాత్రమే అనుమతించింది. అది ఢిల్లీకి చేరింది. ఈ నిరాకరణ ఫలితంగా 1988లో పూణేలో సీ-డాక్ సంస్థ ఏర్పడి, 1991లో పరమ్ 8000ను నిర్మించింది. ఎక్స్-ఎంపీ రూపకర్త క్రే కాదు, ఆయన సంస్థలోని స్టీవ్ చెన్.

చివరి దశ

1989లో క్రే కొలరాడో స్ప్రింగ్స్‌లో మరొక సంస్థను ఏర్పరచి, సిలికానుకు బదులు గాలియం ఆర్సెనైడ్ చిప్పులతో క్రే-3ను నిర్మించాడు. 1993లో ఒక్క యంత్రం మాత్రమే బయటి సంస్థకు, బౌల్డర్‌లోని వాతావరణ పరిశోధన కేంద్రానికి చేరింది. వేలాది చవక ప్రాసెసర్లను జతచేసే కంప్యూటర్లు అప్పటికే విస్తరిస్తున్నాయి. 1995లో సంస్థ దివాలా తీసింది. ఎనిమిది పదుల వయసుకు దగ్గరవుతున్నా కాదు, డెబ్భై దాటినా ఈయన విశ్రమించక 1996లో మళ్ళీ ఒక కొత్త సంస్థను ప్రారంభించాడు. అదే ఏడాది సెప్టెంబరు 22న కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, అక్టోబరు 5న తన 71వ ఏట మరణించాడు.