కంటికి వెలుగైన కృషి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

శతవార్షికోత్సవ సమయంలో మన సంఘాలను కట్టిన దైవసేవకులను తలచుకొంటున్నాము. వారితోపాటు మన సంఘస్థుడు కాని ఒక తెలుగు వైద్యుణ్ణి కూడా స్మరించుకోవడం తగును. మంచి సమరయుని కథ ఎరిగిన మనము, మేలు చేసినవాడు మనవాడా కాడా అని విచారించము గదా! సుబ్బారావుగారి పేరు చెప్పగానే చాలామందికి ఫోలిక్ ఆమ్లం గుర్తుకు వస్తుంది. కాని కంటి వెనుక నుండే రెటీనా పొరను వాపు జబ్బుల నుండి కాపాడే ఒక మందు కూడా ఆయన ప్రయోగశాలలోనే పుట్టిందని ఎరిగినవారు కొద్దిమంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలియైనారు. ప్రేగులు ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేక మనిషి నానాటికి కృశించిపోయే జబ్బు అది. ఆ జబ్బే ఆయననూ పట్టింది గాని ప్రాణం దక్కింది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపింది.

1922లో భార్య శేషగిరిగారిని స్వదేశంలోనే ఉంచి అమెరికా వెళ్లారు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వద్దామనుకొన్నారు, మరి రాలేదు. తరువాత పుట్టిన కుమారుణ్ణి ఆయన చూడనే లేదు. ఆ పసివాడు ఏడాది నిండకముందే కన్నుమూశాడు. ఆ తల్లి పడిన బాధను కూడా లెక్కించనిదే ఈ జీవితకథ పూర్తి కాదు.

బోస్టన్ నగరంలో రాత్రివేళ ఆస్పత్రిలో పనిచేసి పొట్ట పోసుకొంటూ, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించారు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు అది మందైంది. బోదకాలుకు వాడే హెట్రజాన్, అనేక అంటురోగాలకు పనిచేసిన ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాల నుండి వచ్చినవే. ఫోలిక్ ఆమ్లానికి అడ్డు తగిలే మందులను కూడా ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకదానితో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలను ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు 53వ యేట నిద్రలోనే మరణించారు.

ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఆయన గతించిన తరువాత కంటి వైద్యంలోకి వచ్చింది. ఒక్కొక్కప్పుడు శరీరంలోని రక్షణశక్తి దారి తప్పి సొంత కంటిపైనే తిరగబడుతుంది. ఆ వాపు రెటీనాకు ప్రాకితే చూపు పోవచ్చు. స్టెరాయిడ్లు వాపును అణచినా, ఎక్కువకాలం వాడితే మోతిబిందును, కంటిలో ఒత్తిడిని, చక్కెరను పెంచుతాయి. అందుకే 1960 దశకం నుండి వైద్యులు ఈ మందును కంటివాపులకు పరీక్షించసాగారు. మన దేశంలోని అరవింద్ కంటి ఆస్పత్రులతో సహా కొన్ని దేశాల వైద్యులు 216 మంది రోగులపై జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. మెథోట్రెక్సేట్‌ను మైకోఫినొలేట్ అనే ఖరీదైన మందుతో పోల్చి చూశారు. మొత్తం మీద పెద్ద తేడా లేదు. కాని వాపు కంటి వెనుక భాగానికి చేరినవారిలో మెథోట్రెక్సేట్‌తో నూటికి 74 మందికి, రెండవదానితో 55 మందికి గుణం కనిపించింది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఈ మందు వాడేవారికి దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం కూడా ఇస్తారు. సుబ్బారావుగారి రెండు కృషులు ఒకే రోగి చేతిలో కలుసుకొంటున్నాయన్న మాట!

అయితే మంచి మందైనా పరీక్షించకుండా కంటికి వాడరాదు. ఆఫ్రికాలో నదుల వెంబడి వ్యాపించే అంధత్వానికి హెట్రజాన్ వాడితే, చచ్చిన సూక్ష్మక్రిముల వల్ల వాపు పుట్టి కంటికే హాని కలిగింది. 1987 నుండి ఐవర్‌మెక్టిన్ దాని స్థానాన్ని తీసుకొన్నది. మెథోట్రెక్సేట్ సైతం సాధారణంగా వారానికి ఒక్కసారే, రక్తపరీక్షలు చేయిస్తూ, వైద్యుల అదుపులో వాడవలసిన మందు. గర్భిణులకు తగదు.

మన జహీరాబాదు ప్రాంతంలో చూపు మసకబారితే మోతిబిందేనని ఊరుకొనేవారు ఎందరో ఉన్నారు. కన్ను ఎర్రబడి చూపు తగ్గినా, మెరుపులు కనిపించినా, అకస్మాత్తుగా నల్లని చుక్కలు తేలినా, తెర దిగినట్లున్నా ఆలస్యం చేయక కంటి వైద్యుని చూడాలి. చక్కెర వ్యాధి గలవారు చూపు బాగున్నా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. మన సంఘంలోని వృద్ధులను నగరానికి వెంటబెట్టుకొని వెళ్లడం యౌవనస్థులకు తగిన పరిచర్య.

విత్తువాడొకడు, కోయువాడొకడు. సుబ్బారావుగారు విత్తిన చేనిలో ఎందరో చూపును కోసుకొంటున్నారు. ఆ విత్తనానికి వృద్ధి కలుగజేసిన దేవునికి స్తోత్రము.