కాథరీను రాణి

రాజుల పెండ్లికథలు నాటకశాలలయందును చలనచిత్రములయందును పలుమారు ప్రదర్శింపబడుచున్నవి. పట్టువస్త్రములు, రత్నకిరీటములు, బూరల ధ్వనులు చూపరుల మనస్సులను హరించును. కాని ఆ వేషముల క్రింద నున్న మనుష్యుల సుఖదుఃఖములు మనవంటివారి సుఖదుఃఖములే. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ మొదటి రాణియైన కాథరీను కథ యట్టిది. షేక్‌స్పియరు, ఫ్లెచరు అను కవులు కలిసి రచించిన హెన్రీ నాటకమున ఈమె యొక ముఖ్యపాత్ర. చరిత్ర పాఠములలో మాత్రము భర్త విడిచిపెట్టిన భార్యగా ఈమె ఒకటి రెండు వాక్యములలో కనబడి మరుగైపోవును. ఈమె జీవితమును మొదటినుండి తెలిసికొనుట మన విద్యార్థులకు మేలని తలంచి, మేమిచ్చట దానిని సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కాథరీను 1485వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన స్పెయిను దేశమునందలి ఆల్కాలా నగరమున జన్మించెను. తండ్రి ఆరగాను రాజగు ఫెర్డినాండు. తల్లి కస్టీలు రాణియగు ఇసబెల్లా. కొలంబసును సముద్రయాత్రకు పంపిన రాజదంపతులు వీరే. కాథరీను వారి కడసారి బిడ్డ. 1492లో గ్రనడా నగరము వారి స్వాధీనమైన పిమ్మట అచ్చటి ఆల్హంబ్రా రాజభవనమున ఈమె పెరిగెను. ఇసబెల్లా తాను పెద్దదైన పిదప లాటిను భాష నేర్చుకొనవలసి వచ్చినందున, తన కుమార్తెలకు ఆ కొరత యుండరాదని చిన్ననాటినుండియే పండితులచేత విద్య చెప్పించెను. కాథరీను లాటినునందును వేదగ్రంథమునందును చరిత్రయందును ప్రవీణురాలయ్యెను. కుట్టుపని, నూలు వడకుట, నాట్యము, గుఱ్ఱపుస్వారి కూడ నేర్చెను. ఈమె పాండిత్యమును ఎరాస్మసువంటి విద్వాంసుడే తరువాతి కాలమున మెచ్చుకొనెను.

ఆ కాలపు రాజకుమార్తెల వివాహములు వారి యిష్టమునుబట్టి జరుగునవి కావు. కాథరీనుకు మూడేండ్ల ప్రాయముననే, 1489లో, ఇంగ్లండు రాజగు ఏడవ హెన్రీ పెద్దకుమారుడైన ఆర్థరున కిచ్చుటకు ఒడంబడిక జరిగెను. కట్నము రెండు లక్షల క్రౌనులు. 1501 అక్టోబరు 2వ తేదీన ఈమె ప్లిమత్ రేవున దిగెను. నవంబరు 14వ తేదీన లండనులోని సెయింటు పాల్ దేవాలయమున వివాహము మిక్కిలి వైభవముగా జరిగెను. పెండ్లికుమార్తెను దేవాలయమునకు నడిపించుకొనివచ్చినవాడు పెండ్లికుమారుని తమ్ముడు, పదియేండ్ల బాలుడైన హెన్రీ.

అయిదు నెలలైనను నిండకమునుపే, 1502 ఏప్రిలు 2వ తేదీన, లడ్లో కోటయందు ఆర్థరు జబ్బుపడి మరణించెను. కాథరీను పదునారేండ్లకే విధవయయ్యెను.

ఇక ఆమెకు కష్టకాలము ప్రారంభమైనది. కట్నములో సగము చెల్లియుండెను, సగము చెల్లవలసియుండెను. ముట్టిన సొమ్మును తిరిగి యిచ్చుటకు మామగారికి మనసొప్పలేదు. మిగిలినది పంపుటకు తండ్రికి మనసొప్పలేదు. ఆమెను చిన్నవాడగు హెన్రీకి ప్రధానము చేసిరి. అన్న భార్యను తమ్ముడు పెండ్లాడుటకు పోపు జూలియసు ప్రత్యేకమైన అనుమతి యిచ్చెను. కాని 1504లో ఇసబెల్లా మరణింపగా స్పెయినుతోటి సంబంధము వెల తగ్గినదని తలంచి, రాజు తన కుమారునిచేత ఆ ప్రధానమును నిరాకరింపజేసెను. పుట్టినింటికి పోలేకయు, అత్తింట చోటులేకయు కాథరీను ఏడేండ్లు లండనులో కాలము గడపెను. పరివారమునకు జీతములు లేవు. తన వెండిపాత్రలను అమ్మి వారిని పోషించెను. అట్టి స్థితిలోనే 1507లో తండ్రి ఆమెను తన రాయబారిగా నియమించెను. ఐరోపా దేశములలో అట్టి పదవిని పొందిన మొదటి స్త్రీ ఈమెయే యని చెప్పుదురు. ఆ పేదరికమున ఆమె నేర్చిన పాఠము ఓర్పు. ఆ పాఠము వృథా కాలేదు.

1509 ఏప్రిలులో ఏడవ హెన్రీ మరణించెను. కొత్తరాజు తన యిష్టముచేత కాథరీనును వరించి, జూను 11వ తేదీన గ్రీనిచ్ నందు పెండ్లాడెను. అతనికి పదునెనిమిదవ యేడు, ఆమెకు ఇరువదిమూడు. పదుమూడు దినములకు వెస్టుమినిస్టరు దేవాలయమున ఇరువురికిని పట్టాభిషేకము జరిగెను. తదుపరి అనేక సంవత్సరములు వారు అన్యోన్యముగా కాపురము చేసిరి. 1513లో హెన్రీ ఫ్రాన్సు దేశముపై యుద్ధమునకు పోవుచు రాజ్యమును రాణి చేతిలో నుంచిపోయెను. అప్పుడు స్కాట్లండు రాజు దండెత్తి రాగా ఆమె సైన్యములను సమకూర్చి పంపెను. ఫ్లాడెను యుద్ధమున ఆ రాజు కూలెను. అతని నెత్తురంటిన అంగీని ఆమె భర్తకు జయచిహ్నముగా పంపుట నేటి మన మనస్సులకు కఠినముగా తోచును. ఆమె యోధురాలగు తల్లికి పుట్టిన బిడ్డ యని జ్ఞాపకముంచుకొనవలెను. కాని 1517 మే నెలలో లండను పనివాండ్రు పరదేశులపై దొమ్మీ చేసి ఉరికి సిద్ధముగా నున్నప్పుడు, తాను పరదేశియయ్యును ఆ కుఱ్ఱవాండ్ర ప్రాణములకొరకు భర్తను వేడుకొన్నది కూడ ఈ రాణియే.

బాలికల విద్యయందు ఈమెకు గల శ్రద్ధ మన పాఠశాలవారు ప్రత్యేకముగా గమనింపదగినది. తన కుమార్తె మేరీ చదువుకొరకు వీవెసు అను స్పెయిను పండితుని ప్రోత్సహించి స్త్రీల విద్యనుగూర్చి గ్రంథమును వ్రాయించెను. అది 1524లో అచ్చుపడి అనేక భాషలలోనికి పరివర్తనము చేయబడెను. ఆడుపిల్లలకు చదువేల యని పెద్దలడుగు కాలమున అది సామాన్యమైన పని కాదు.

అయినను ఆ గృహమున ఒక శూన్యముండెను. 1511 జనవరి 1వ తేదీన పుత్రుడు కలుగగా లండనంతట గంటలు మ్రోగెను. ఆ శిశువు ఏబదిరెండు దినములు బ్రదికి మరణించెను. తరువాతి కాన్పులలోను దుఃఖమే మిగిలెను. 1516 ఫిబ్రవరి 18వ తేదీన పుట్టిన మేరీ యొక్కతెయే దక్కెను. రాజ్యమునకు మగబిడ్డ లేడను చింత హెన్రీని తొలువసాగెను. ఆ చింత నిష్కారణమైనది కాదు. వారసత్వపు తగవులచేత ఆ దేశమున ముప్పదియేండ్లు అంతఃకలహములు జరిగి యెంతో కాలము కాలేదు. ఇట్లుండగా రాణిగారి పరిచారికలలో నొకతెయైన ఆన్ బోలీను అను యువతిపై రాజు మనస్సు మరలెను.

1527లో హెన్రీ తన వివాహము దైవసమ్మతము కాదను వాదమును లేవదీసెను. లేవీయకాండము ఇరువదియవ అధ్యాయము సహోదరుని భార్యను చేర్చుకొనరాదని నిషేధించుచు, అట్టివారు సంతానహీనులగుదురని చెప్పుచున్నది. రాజు దానినే పట్టుకొనెను. కాని ద్వితీయోపదేశకాండము ఇరువదియైదవ అధ్యాయమున, సంతానములేక మరణించిన సహోదరుని భార్యను తమ్ముడు పరిగ్రహింపవలెనను విధి కలదు. ఏ వచనము తన కోరిక కనుకూలమో దానినే చూచి రెండవదానికి కన్నులు మూసికొనుట రాజులకే గాక మనకందరకును కలుగు శోధన. కాథరీను ప్రత్యుత్తరము సూటిగా నుండెను. ఆర్థరుతో తాను దంపతిగా కాపురము చేయలేదనియు, కావున తన మొదటి వివాహము పేరునకు మాత్రమే యనియు, హెన్రీయే తన నిజమైన భర్త యనియు ఆమె దేవుని యెదుట చెప్పెను. చనిపోవువరకు ఆ మాట మార్చలేదు.

1529 జూను 21వ తేదీన లండనులోని బ్లాక్‌ఫ్రయర్సు మఠమున, పోపు ప్రతినిధుల యెదుట విచారణ జరిగెను. రాజును రాణియు న్యాయస్థానమునకు పిలువబడుట దేశమువారు కనివిని యెరుగనిది. తన పేరు పిలువగా కాథరీను న్యాయాధిపతులకు బదులు చెప్పక, సభ నడుమగా పోయి భర్త పాదములయొద్ద మోకరించెను. తాను పరదేశిననియు, ఇచ్చట తనకు నిష్పక్షపాతియగు న్యాయవాది లేడనియు, ఇరువదియేండ్లు విధేయురాలగు భార్యగా నుంటిననియు విన్నవించి, తన వ్యాజ్యెమును రోమునకు అప్పగించి లేచి వెడలిపోయెను. బంట్రోతు మూడుమారులు పిలిచినను వెనుదిరుగలేదు. అంతకుముందే మఠములో సన్యాసినిగా చేరిన సర్వసౌఖ్యములు కలుగునని కార్డినలు ఆమెకు హితవు చెప్పియుండెను. ఆమె యొప్పుకొనలేదు. ఒప్పుకొన్నచో కుమార్తె హక్కులును పోవునని ఆమె యెరుగును.

1531 జూలైలో హెన్రీ ఆమెతో చెప్పకయే విండ్సరు కోటనుండి వెడలిపోయెను. మరల వారిరువురు కలిసికొనలేదు. కుమార్తెనుకూడ తల్లికి దూరము చేసిరి. 1533 జనవరిలో రాజు ఆన్ బోలీనును రహస్యముగా పెండ్లాడెను; మే 23వ తేదీన క్రాన్మరు ప్రధానాధ్యక్షుడు కాథరీను వివాహము చెల్లదని తీర్పు చెప్పెను. ఇకమీదట ఆమె రాణి కాదనియు, ఆర్థరు విధవ యను బిరుదుతో నుండవలెననియు ఆజ్ఞ వచ్చెను. ఆ పత్రమును చూపినప్పుడు ఆమె కలము తీసికొని ఆ బిరుదు కనబడిన ప్రతిచోటను కొట్టివేసెను. చక్రవర్తియగు ఐదవ చార్లెసు ఆమె అక్క కుమారుడు. అతని రాయబారి సైనికబలమును గూర్చి ప్రస్తావింపగా, తన కొరకు భర్తపై యుద్ధము జరుగుటకు ఆమె సమ్మతింపలేదు.

1534లో పోపు ఆమె వివాహము సత్యమేయని తీర్పు చెప్పెను. ఏడేండ్లు ఆలస్యముగా వచ్చిన ఆ తీర్పు ఆమెకు ఉపయోగపడలేదు. ఆ సంవత్సరమే ఆమెను కింబోల్టను కోటకు పంపిరి. అచ్చట ఆమె యొక్క గదిలోనే కాలము గడపుచు, విషభయముచేత తన కన్నులయెదుటనే వంట చేయించుకొనుచుండెను. 1535లో మేరీకి జబ్బు చేయగా, తన పక్కమీదనే పరుండబెట్టుకొని తన చేతులతో ఉపచారము చేయుటకు సెలవు వేడుకొనెను. రాజు ఒప్పుకొనలేదు. మరుసటి జనవరి 1వ తేదీన చిన్ననాటి స్నేహితురాలగు మరియా దె సలీనాసు అనుమతి పత్రము లేకయే వచ్చి కోటలో ప్రవేశించి ఆమె పక్కను చేరెను. 1536 జనవరి 7వ తేదీన కాథరీను ఏబదియేండ్ల ప్రాయమున దేహము చాలించెను. సేవకులకు రావలసిన జీతములు చెల్లింపవలెననియు, స్పెయినునుండి తాను తెచ్చుకొన్న బంగారు హారమును కుమార్తెకియ్యవలెననియు మరణశాసనమున కోరెను. పీటరుబరో దేవాలయమున ఆమెను రాణిగా గాక ఆర్థరు విధవగా సమాధి చేసిరి. నాలుగు నెలలు గడచి కొలది దినములైనంతనే ఆన్ బోలీను శిరశ్ఛేదము పొందెను.

మన సంఘములు సంస్కరణోద్యమమునకు ఋణపడియున్నవి. ఇంగ్లండు సంఘము పోపు అధికారమునుండి తొలగుటకు ఈ వివాహవివాదమే తక్షణకారణము. 1538లో ప్రతి దేవాలయమునను ఇంగ్లీషు బైబిలు నుంచవలెనని ఆజ్ఞ పుట్టుట దాని తరువాతి ఫలములలో నొకటి. అందుచేత కాథరీనుకు జరిగినది న్యాయమేయని మనము చెప్పవచ్చునా? యోసేపు సహోదరులు చేసిన కీడును దేవుడు మేలుగా మార్చెను. అయినను ఆ కీడు కీడే. దేవుడు తెచ్చిన మేలును మనుష్యుని దోషమునకు ముసుగుగా వేయరాదు. అట్లే మేరీ 1553లో రాణియై సుమారు 280 మంది ప్రొటెస్టంటులను దహింపజేసిన ఘోరమును తల్లి దుఃఖముచేత మన్నింపరాదు. సత్యము మన పక్షమున నున్నప్పుడు మాత్రమే దానిని ప్రేమించుట సత్యప్రేమ కాదు.

ఆమె పట్టుదలయందు రాజవంశపు గర్వము కొంత కలిసియుండవచ్చును. కాని ఆమె ఒక్క అబద్ధమాడినయెడల విశాలమైన భవనములు, పరివారము, రాజు దయ లభించియుండును. ఆమె ఆ ఒక్కమాట చెప్పక చిన్న గదిలో మరణించెను. నేడు పీటరుబరోలో ఆమె సమాధిపై ఇంగ్లండు రాణియను అక్షరములు పెద్దవిగా అమర్చబడియున్నవి. ఆమె చిహ్నమైన దానిమ్మపండ్లను జనులు తెచ్చి యుంచుచుందురు. భర్త తీసివేసిన పేరును కాలము తిరిగి యిచ్చినది. విద్యార్థులారా, మీలో ఎవరికిని కిరీటము రాకపోవచ్చును. కాని సుఖముకొరకు ఒక్క అబద్ధమాడుమను పిలుపు ప్రతివానికిని వచ్చును. ఆ దినమున ఈ రాణిని తలంచుకొనుడు.