రోగిసేవాపరాయణుడు చెహోవ్

కథకుడుగా ఆంటన్ చెహోవ్ పేరు లోకమెల్ల ఎఱుగును. ఆయన వృత్తిచే వైద్యుడనియు, పేదల గుమ్మములకు వెళ్ళి చికిత్స చేసినవాడనియు ఎఱిగినవారు తక్కువ.

1860లో దక్షిణ రష్యాలోని తగన్‌రోగ్ పట్టణమున ఆయన జన్మించెను. తాత బానిసత్వమునుండి ధనమిచ్చి విముక్తి పొందినవాడు. తండ్రి దుకాణము 1876లో దివాలా తీయగా కుటుంబము మాస్కో చేరెను. ఆంటన్ 1879లో అచ్చటి విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు చేరి, పత్రికలకు హాస్యకథలు వ్రాసి వచ్చిన పారితోషికముతో ఇంటివారిని పోషించుచు, 1884లో పట్టము పొందెను. 1890లో ప్రయాసకోర్చి సైబీరియా దాటి సఖాలిన్ ద్వీపమునకు పోయి, ఖైదీల దుఃస్థితిని స్వయముగా విచారించి గ్రంథము రచించెను.

1892లో మాస్కోకు దక్షిణమున నున్న మెలిఖొవో గ్రామమున స్థిరపడెను. వేకువనే పల్లెజనులు ఆయన వాకిట చేరెడివారు. వారికి ఉచితముగా చికిత్స చేసి, మందులు సైతము తానే ఇచ్చెడివాడు. ఆ యేడు కలరా భయము వ్యాపింపగా, జీతము గైకొనక 25 గ్రామములను, 4 కర్మాగారములను, ఒక క్రైస్తవ మఠమును తన బాధ్యతగా స్వీకరించెను. నిధులు లేకపోగా ధనికుల నాశ్రయించి యాచించెను. ఆ సంవత్సరమే వెలువడిన ‘6వ వార్డు’ కథలో, రోగుల బాధకు చలింపని వైద్యుడొకడు తుదకు ఆ వార్డులోనే బంధితుడగును.

వైద్యము, రచన ఒకదానికొకటి అడ్డమని ఆయన తలపలేదు. తీరిక వేళ చెట్లు నాటెను, గులాబీలు పెంచెను, చేపలు పట్టెను. చుట్టుప్రక్కల పల్లెలలో 3 పాఠశాలలు కట్టించెను. జన్మస్థలమందలి గ్రంథాలయమునకు పుస్తకములు పంపుచుండెను. ఇట్టి వ్యాపకములే ఆయన మనస్సును ఎండిపోనీయక కాపాడినవి.

అయితే ఒక్క రోగిని మాత్రము ఆయన ఉపేక్షించెను. ఆ రోగి తానే. 1884 నుండియే దగ్గుతో రక్తము పడుచున్నను, ఎవరిచేతను పరీక్ష చేయించుకొనలేదు. 1897లో తీవ్రముగా రక్తము పడి ఆసుపత్రి చేరిన పిదపనే క్షయ యని నిర్ధారణ యయ్యెను. 1899లో యాల్టాకు తరలిపోయి, అచ్చటికి వచ్చు నిరుపేద క్షయరోగుల కొరకు చందాలు సేకరించెను. 1904 జూలైలో జర్మనీలోని బాదెన్‌వైలర్‌లో, 44వ యేట తనువు చాలించెను.

పరుల బాధను తన బాధగా భావించుట ఆయన జీవితమునుండి మనము గ్రహింపదగిన గుణము. సేవకు సాధనమైన దేహమును సకాలమున కాపాడుకొనుటయు ధర్మమే యని ఆ జీవితమే మనలను హెచ్చరించుచున్నది.