పోలీసు జట్టుకు పాఠం చెప్పిన బడి మాస్టారు

1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్ దారి పట్టింది. కలకత్తా పెద్ద జట్లు వచ్చాయి, మిలిటరీ జట్లు వచ్చాయి. ఎవరు వచ్చినా ఆ అయిదేళ్లూ కప్పు ఎత్తుకుపోయింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టే. 1891లో మొదలైన ఆ పోటీల చరిత్రలో వరుసగా అయిదుసార్లు గెలిచిన జట్టు మరొకటి లేదు. ఆ జట్టును అంతటిదాన్ని చేసిన మనిషి మాత్రం పోలీసు కాదు. ఏనాడూ లాఠీ పట్టినవాడూ కాదు. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మాస్టారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ మైదానాల్లో అందరికీ రహీం సాబ్.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. అప్పటికి నగరంలో ఫుట్‌బాల్ కొత్త ఆట కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో తెల్లవారి పటాలాలు ఉండేవి. సాయంత్రం పూట సోల్జర్లు ఆడుతుంటే చుట్టుపక్కల పిల్లలు గట్టున నిలబడి చూసేవారు. చూసి చూసి వాళ్లూ ఆడడం నేర్చారు. బూట్లు కొనే తాహతు ఎవరికుంది? వట్టి కాళ్లతోనే ఆట. రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడారు. డిగ్రీ పూర్తయ్యాక కాచిగూడ మిడిల్ స్కూలులో ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ తరువాత చాదర్‌ఘాట్ హైస్కూలులోనూ పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. ఉద్యోగం చేసుకుంటూనే నగరంలోని క్లబ్బుల తరఫున ఆడుతూ వచ్చారు.

ఆటగాడుగా ఆయన పేరు దేశమంతా మోగిందని చెప్పడానికి లేదు. ఆయన బలం కాళ్లలో కన్నా కళ్లలో ఉంది. మైదానం పక్కన నిలబడి ఎవడు ఎక్కడ తడబడుతున్నాడో, ఎందుకు తడబడుతున్నాడో పట్టుకోగల చూపు అది. లెక్క తప్పిన కుర్రవాణ్ణి కొట్టే మాస్టార్లు చాలామంది ఉంటారు. ఏ మెట్టు దగ్గర తప్పాడో చూసి అక్కడ చెయ్యి పట్టుకునే మాస్టార్లు కొద్దిమంది. రహీం ఆ రెండో రకం.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. కన్నుమూసే వరకు ఆ బాధ్యత వదలలేదు. అదే 1943లో సిటీ పోలీసు జట్టు బెంగుళూరు వెళ్లి యాష్ గోల్డ్ కప్పు గెలిచి వచ్చింది. అప్పుడు ఓడిపోయింది బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టు.  అంతవరకు హైదరాబాద్ ఆట హైదరాబాద్‌కే తెలుసు. ఆ కప్పుతో నిజాం రాజ్యం పొలిమేర దాటింది.

ఎడమకాలి పోటీలు

రహీం పిల్లలకు పెట్టిన పోటీల సంగతి చెప్పుకోదగినది. కుడికాలి వాటం కుర్రవాడు బంతిని ఎప్పుడూ కుడికాలితోనే తంతాడు. బంతి ఎడమ వైపు వస్తే ఒళ్లంతా తిప్పుకుని కుడికాలి మీదికి తెచ్చుకుంటాడు. ఆ తిప్పుకునే క్షణంలోనే ఎదుటివాడు వచ్చి మీద పడతాడు. రహీం దీనికి ఉపన్యాసం ఇవ్వలేదు. వాటం లేని కాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టారు. వాటమైన కాలితో తంతే తప్పు. మొదట్లో పిల్లలు పడుతూ లేస్తూ ఆడారు, చూసేవాళ్లు నవ్వారు. కొన్నాళ్లకు వాళ్లకు రెండు కాళ్లూ ఒకటే అయ్యాయి.

ఇంకో రకం పోటీ ఉండేది. బంతి దగ్గర పెట్టుకుని ఒకరిని, ఇద్దరిని, ముగ్గురిని తప్పించుకుంటూ పోవడం అందులో నిషేధం. బంతి వచ్చిందా, తోటివాడికి అందించాలి. అందించి ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి. చూడడానికి చిన్న నియమం. కాని బంతి రాకముందే తల ఎత్తి ఎవరెక్కడ ఉన్నారో చూసుకోకపోతే అది సాధ్యం కాదు. ఆనాటి మన ఆటలో ఒంటరి విన్యాసానికే చప్పట్లు ఎక్కువ. పదకొండు మందిని ఒక్క మనిషిలా ఆడించాలన్నది రహీం పట్టుదల.

అలా తయారైనవారిలో చాలామంది పోలీసు శాఖలో చేరారు. ఆట వచ్చిన పేద కుర్రవాడికి పోలీసు కొలువు అంటే ఇల్లు గడిచే దారి. శాఖకు జట్టు కావాలి, కుర్రవాడికి జీతం కావాలి, రహీంకు ఆడేవాళ్లు కావాలి. ముగ్గురి అవసరమూ ఒక్కచోట కలిసింది. పోలీసు జట్టు శిక్షణ రహీం చేతికి వచ్చాక ఇక వెనుతిరిగి చూడలేదు. 1950లో రోవర్స్ కప్పుతో పాటు ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా వచ్చింది. ఫైనల్లో ఎదురు నిలిచింది కలకత్తా మోహన్ బగాన్. తొలి ఆట తేలలేదు. మళ్లీ ఆడి పోలీసులు గెలిచారు. 1954లోనూ, 1957లోనూ డ్యూరాండ్ మళ్లీ వాళ్లదే. ఆంధ్ర పోలీసు అన్న పేరుతో 1961లో మరోసారి తెచ్చారు. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు 1956-57లో, 1957-58లో వరుసగా రెండుసార్లు జాతీయ విజేతగా నిలిచింది.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. పేద తమిళ కుటుంబం. రహీం అతని ఆట చూసి సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకు రమ్మన్నారు. కుర్రవాడు వెనకాడాడు. రోజూ అమ్ముగూడ నుంచి హైదరాబాద్ మైదానానికి వచ్చిపోవడానికి చేతిలో డబ్బులు లేవు. సంగతి తెలుసుకున్న రహీం అతనికి సైకిలు ఏర్పాటు చేశారు. ఆ సైకిలు తొక్కుకుంటూ వచ్చిన కుర్రవాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు.

దేశం జట్టు చేతికొచ్చింది

సిటీ పోలీసు ఆట చూశాక దేశం జట్టు శిక్షణ కూడా రహీంకే అప్పగించారు. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ బంగారు పతకం గెలిచింది. గోల్ చేసింది మేవాలాల్. ఆ సంతోషం ఏడాది నిలిచింది. 1952లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనవాళ్లను 10-1తో చిత్తు చేసింది. చలి దేశం. మనవాళ్లలో చాలామందికి కాళ్లకు బూట్లు లేవు. ఎండలో గట్టి నేల మీద వట్టి కాళ్లతో బంతి మాట వింటుంది. అక్కడ వినలేదు. ఆ దెబ్బ తరువాత బూట్లు తప్పనిసరి అని ఫుట్‌బాల్ ఫెడరేషన్ నిబంధన పెట్టింది.

బూట్లు తొడుక్కోగానే ఆట మారదని రహీంకు తెలుసు. అప్పటి జట్లు వెనుక ఇద్దరు లేక ముగ్గురిని కాపలా పెట్టి, ముందు అయిదుగురిని గోల్ మీదికి పంపేవి. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును వాళ్ల గడ్డ మీదనే 6-3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. ముందుండవలసిన నడిమి ఆటగాణ్ణి వెనక్కి దింపడం ఆ జట్టు చేసిన పని. కాపలావాడు అతని వెంట పోతే వెనుక ఖాళీ, పోకపోతే అతనికి అడ్డు లేదు. కాపలావాడికి ఎటూ తోచదు. రహీం ఈ పద్ధతిని వంటబట్టించుకుని మనవాళ్ల చేత ఆడించారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు అన్న అమరికకు జట్టును నెమ్మదిగా మళ్లించారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచాక లోకమంతా మెచ్చిన అమరిక అదే. హైదరాబాద్ బడి మాస్టారు అంతకు ముందే ఆ బాట పట్టారంటే ఆశ్చర్యమే.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మనవాళ్లు సెమీ ఫైనల్ చేరారు. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోల్స్ చేశాడు. ఆసియా ఖండం నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. ముందుగా గోల్ చేసింది భారతే. చివరికి 4-1తో ఓడింది. మూడో స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలవడంతో నాలుగో స్థానం దక్కింది. నాలుగేళ్ల కింద 10 గోల్స్ తిన్న దేశానికి ఇది తక్కువ మాట కాదు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇలా హైదరాబాద్ ఆటగాళ్లే ఆ జట్టులో గుంపుగా కనిపిస్తారు. 1960లో రోమ్‌లో ఫ్రాన్సును 1-1తో నిలువరించారు గాని ముందుకు పోలేకపోయారు.

జకార్తా ఫైనల్

1962 ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తుల కాన్సర్‌తో బాధపడుతున్నారు. అయినా జట్టును తీసుకుని ఇండోనీషియా రాజధాని జకార్తా వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండు మీద 4-1, జపాను మీద 2-0 గెలిచారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. థాయిలాండు ఆటలో వెనుక కాపలాకు పెట్టనికోట లాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. దెబ్బ తగిలినవాణ్ణి కూర్చోబెట్టక రహీం ముందు వరసలో, గోల్ కొట్టే చోట నిలబెట్టారు. వెర్రి పని అనుకున్నవారు లేకపోలేదు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియానే. స్టేడియంలో లక్షమంది జనం, అందులో మనవైపు ఉన్నవారు వేళ్ల మీద లెక్క. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానివ్వనందుకు ఈ క్రీడలను ఆసియా క్రీడలు అనకూడదని మన దేశ ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం లేవదీశారు. ఆ కోపం ఆటగాళ్ల మీద పడింది. మన జాతీయ గీతానికి కూడా గేలి తప్పలేదు. ఆనాడు మనవాళ్లకు చప్పట్లు కొట్టినవాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉందంటే వినేవారికి వింతగా ఉంటుంది. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం పడి లేచినవాడు. అతన్నే గోల్ ముందు నిలబెట్టారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ చేశాడు. మూడు నిమిషాలకు తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ రెండో గోల్ చేశాడు. కొరియా చివర్లో ఒకటి తిప్పికొట్టింది. 2-1తో బంగారు పతకం మనదైంది. కెప్టెన్ చునీ గోస్వామి. బలరాం, యూసుఫ్ ఖాన్ వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తరువాత బంగారం రాలేదు.

ఆ పతకం తెచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు.

జట్టు అప్పటికప్పుడు కూలిపోలేదు. ఆయన చేతుల మీద పెరిగినవారు మైదానంలో ఉన్నారు. 1963-64లో ఆంధ్ర పోలీసు మళ్లీ రోవర్స్ కప్పు గెలిచింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. ఊపు అంతటితో సరి. ఎడమకాలి పోటీలు ఏ కాగితం మీదా నిబంధనగా లేవు. రహీం ఉన్నంతకాలం ఉన్నాయి, ఆయనతోనే పోయాయి. బాగా ఆడేవాణ్ణి కలకత్తా క్లబ్బులు డబ్బు చూపి తీసుకుపోవడం ఆయన ఉండగానే మొదలైంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. కాని ఒకడు పోతే బడి నుంచి ఇంకొకణ్ణి తయారుచేసే మనిషి అప్పుడు ఉన్నాడు. తరువాత పోయినవాళ్ల స్థానం ఖాళీగానే ఉండిపోయింది. పోలీసు శాఖను ఒక్కదాన్నే తప్పు పట్టడం న్యాయం కాదు. శిక్షకుడు పోతే అతని పద్ధతిని ఎలా నిలబెట్టాలో మన ఆటల సంఘాల్లో ఎవరికీ పట్టలేదు.

పోలీసు జట్టులో రహీం దగ్గర నేర్చిన కుర్రవాడు నయీముద్దీన్ 1966లో కలకత్తా చేరాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు అతనే కెప్టెన్. ఆ జట్టు శిక్షకుల్లో ఒకరు జకార్తాలో గోల్ చేసిన పి.కె. బెనర్జీ. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం 1985లో నెలకొల్పింది. అప్పటికి రహీం పోయి 22 ఏళ్లు. 1990లో అది నయీముద్దీన్‌కు దక్కింది.

రహీం కుమారుడు హకీం కూడా ఫుట్‌బాల్ ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యాడు. తరువాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని 2021 ఆగస్టులో మరణించాడు. రహీం జీవితం మీద హిందీలో తీసిన మైదాన్ చిత్రం 2024లో విడుదలయింది. అందులో ఎక్కువ భాగం దేశం జట్టు కథే. సైకిలు మీద వచ్చిన అమ్ముగూడ బలరాం ఆ చిత్రం చూడడానికి లేడు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు.