యాకోబ్ గ్రిమ్

జర్మనీలోని హానౌ పట్టణంలో 1785 జనవరి 4న యాకోబ్ గ్రిమ్ జన్మించాడు. మరుసటి ఏడాది తమ్ముడు విల్‌హెల్మ్ పుట్టాడు. ఈ ఇద్దరినే లోకం గ్రిమ్ సోదరులని పిలుస్తుంది. న్యాయాధికారిగా పనిచేసే తండ్రి 1796లో చనిపోవడంతో కుటుంబం ఒక్కసారిగా పేదరికంలో పడింది. రెండేళ్ల తరువాత పెద్దమ్మ ఆదరణతో అన్నదమ్ములిద్దరూ కాసెల్ నగరంలో చదువుకున్నారు. ఆపైన మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు. అక్కడ సావిన్యీ అనే ఆచార్యుని ఇంటి గ్రంథాలయంలో ప్రాచీన జర్మన్ కవిత్వం యాకోబ్ కంటబడింది. న్యాయశాస్త్రం మీద ఆసక్తి క్రమంగా వెనుకబడింది.

1806లో నెపోలియన్ సేనలు కాసెల్‌ను ఆక్రమించాయి. మరుసటి ఏడాది నెపోలియన్ తమ్ముడు జెరోమ్ అక్కడ రాజయ్యాడు. కొలువులో ఫ్రెంచి మాట చెల్లింది. 1808లో తల్లి కూడా మరణించగా, ఇరవై మూడేళ్ల యాకోబ్ తమ్ముళ్లను, చెల్లెలిని పోషించడానికి ఆ రాజు గ్రంథాలయంలోనే ఉద్యోగం చేశాడు. పని తక్కువ, తీరిక ఎక్కువ. పరాయి ఏలుబడిలో తమ జాతి మాట మరుగున పడకూడదని అన్నదమ్ములు ఆ తీరికలో ఇంటింటి కథలను సేకరించారు.

వారు పల్లెపల్లెకూ తిరిగి కథలు రాసుకున్నారని చాలామంది అనుకుంటారు. నిజానికి కథలు చెప్పినవారిలో ఎక్కువమంది కాసెల్‌లోని ఇరుగుపొరుగు కుటుంబాల చదువుకున్న ఆడపిల్లలు. దగ్గరి పల్లె నుండి కూరగాయలు అమ్మడానికి వచ్చే డొరొతియా ఫీమన్ అనే దర్జీ భార్య కూడా ఎన్నో కథలు చెప్పింది. ఆమె పూటకూళ్ల ఇంట పెరిగింది. ఎన్నిసార్లు అడిగినా ఒక్క మాట తప్పకుండా చెప్పేది, రాసుకోవడానికి వీలుగా నిదానంగా మళ్లీ చెప్పేది. 86 కథల మొదటి సంపుటం 1812 క్రిస్మస్‌కు ముందు వెలువడింది. రెండవది 1815లో వచ్చింది.

ఇన్ని కథలు చేతికి వచ్చాక వాటిలో రెండు జాతులున్నాయని యాకోబ్ గుర్తించాడు. ఒకటి అద్భుత కథ, రెండవది ఐతిహ్యం. హామెలిన్ పట్టణంలో పిల్లనగ్రోవి ఊది పిల్లలను వెంట తీసుకుపోయిన వాని వృత్తాంతం ఐతిహ్యం. దానికి ఊరు ఉంది, 1284 అనే సంవత్సరం కూడా ఉంది. వినేవాడు అది జరిగిందని నమ్ముతాడు, భయపడతాడు. కప్పరాజు కథ అద్భుత కథ. ఆ రాజు ఏ దేశం వాడో, ఏ కాలం వాడో ఎవరూ అడగరు. కప్ప మాట్లాడితే రాకుమార్తె ఇది మాయ అని నివ్వెరపోదు, మారుమాట చెబుతుంది. ఇలాంటి కథల్లో పేర్లు తక్కువ. రాజు, సవతితల్లి, చిన్నకొడుకు అంటే చాలు. పని మూడుసార్లు జరగాలి. అందరూ చులకన చేసినవాడే చివరకు గెలవాలి. మన పేదరాశి పెద్దమ్మది ఏ ఊరని ఎవరైనా అడుగుతారా? అన్నదమ్ములు ఐతిహ్యాలను 1816, 1818లలో వేరే సంపుటాలుగా ప్రకటించారు.

ఊరూ పేరూ లేని కథకు పొలిమేర ఉండదు. యాకోబ్ శ్రమకు ఎదురైన చిక్కు ఇదే. అచ్చమైన జర్మన్ కథలని ఎంచినవాటిలో కొన్నింటిని చెప్పినవారు ఫ్రాన్సు నుండి వలస వచ్చిన కుటుంబాలవారు. ఫీమన్ పూర్వికులు కూడా అట్టివారే. బూట్లు తొడిగిన పిల్లి కథ ఫ్రెంచి రచయిత పెరో 1697లో ప్రకటించిన కథకు మరీ దగ్గరగా ఉందని 1819 కూర్పులో తీసివేశారు. అయినా పిల్లలు ఆ కథను మరువలేదు.

తరువాతి కూర్పులను విల్‌హెల్మ్ దిద్దాడు. హిమబాల కథలో బిడ్డను చంపించబోయినది మొదటి కూర్పులో కన్నతల్లి. 1819లో ఆమెను సవతితల్లిగా మార్చారు. యాకోబ్‌కు విన్నది విన్నట్లే ఉంచడం ఇష్టం. కాని పిల్లలు ప్రేమించినది తమ్ముడు తీర్చిన కథలనే అని ఒప్పుకోవాలి.

యాకోబ్ భాషాశాస్త్రం వైపు మళ్లాడు. సంస్కృతంలోని పితృ శబ్దానికి ఇంగ్లీషులో ఫాదర్, ద్వి శబ్దానికి టూ ఎలా సాటి అవుతాయో, ఆ ధ్వనుల మార్పులోని క్రమాన్ని 1822లో వివరించాడు. దానినే గ్రిమ్ సూత్రం అంటారు.

1837లో హానోవర్ రాజు దేశ రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు ఆచార్యులు, తాము ప్రమాణం చేసిన రాజ్యాంగాన్ని విడువలేమని తెలియజేశారు. వారిలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. ఏడుగురి ఉద్యోగాలూ పోయాయి. యాకోబ్‌ను మూడు రోజుల్లో రాజ్యం విడిచి పొమ్మన్నారు.

జీవిక లేని ఆ రోజుల్లో, 1838లో, వారు జర్మన్ మహానిఘంటువుకు పూనుకున్నారు. 1841 నుండి బెర్లిన్‌లో ఆ పని సాగింది. 1859లో విల్‌హెల్మ్ కన్నుమూశాడు. పెళ్లి చేసుకోకుండా జీవితమంతా తమ్ముని ఇంటనే ఉన్న యాకోబ్ ఒంటరిగా పని కొనసాగించాడు. ఫ్రుఖ్ట్ అనే మాట దగ్గర, అంటే పండు అనే మాట దగ్గర, 1863 సెప్టెంబరు 20న ఆయన మరణించాడు. తరువాతి తరాల పండితులు ఆ నిఘంటువును 1961లో పూర్తిచేశారు.