తాళ్లపాక అన్నమాచార్యులు

గడచిన శీతకాలమున మన విద్యార్థులు కొందరు నంద్యాల నుండి అహోబిలము చూడబోవుచు, త్రోవలో ఆళ్లగడ్డయందు దిగి, రాతిలో విగ్రహములు చెక్కు శిల్పులను చూచిరి. ఇది కళయే యని యందరు నొప్పుకొనిరి. అంతట నొక బాలుడు, వడ్లు దంచునపుడు తన అవ్వ పాడు పాటయు కళ యగునా యని యడుగగా తక్కినవారు నవ్విరి. వాడు చిన్నబోయెను. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కావున మనము చూడబోయిన యా యహోబిలముననే చదువుకొనిన యొక మహనీయుని చరిత్రము నిచట వ్రాయుచున్నాను.

అన్నమాచార్యులు 1408వ సంవత్సరమున, రాజంపేట చెంతనున్న తాళ్లపాకలో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు జన్మించిరి. వారి మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రమును బట్టి చూడగా, బాల్యమున నెల్లవేళల పాడుకొనుచుండుటచే ఇంటివారు విసిగి ఆయనను గడ్డి కోయ బంపిరట. కొడవలి తగిలి వ్రేలు తెగెను. అంతలో తిరుపతికి పాడుచు బోవు యాత్రికులు కనబడగా, ఇల్లు విడిచి వారివెంట నడచెను. 1424 నుండి ఆయన సంకీర్తనములు చెప్ప మొదలిడినట్లు రాగిరేకులవలన తెలియుచున్నది. అప్పటికి ఆయన వయస్సు పదునారేండ్లు, అనగా మన పై తరగతి బాలుర యీడు.

పిమ్మట అహోబిలమున ఆదివన్ శఠగోపయతి యొద్ద వేదాంతము నభ్యసించిరి. సంస్కృతమున పాటలు కట్టగల పాండిత్యము ఆయనకు గలదు, కట్టెను గూడ. అయినను రోటియొద్ద స్త్రీలు పాడు సువ్విపాటలు, తల్లుల జోలలు, గొబ్బిపాటలు, జాజరలు, ఏలలు, వీని యన్నిటి వరవడిని గైకొని దేవుని సన్నిధిని పాడెను. మీ వ్యాసముల పుస్తకములలో నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేయు వాడుకమాటలు ఆయన పాటలలో కోకొల్లలు! ఈ సంగతి తలచినప్పుడెల్ల నా కలము కొంత తడబడును. పాటకు లక్షణము లేదను పండితులకు సమాధానమో యన్నట్లు, సంస్కృతమున సంకీర్తన లక్షణమును గూడ రచించెను. అది నశించినను, మనుమడు చినతిరుమలాచార్యుని తెనుగుసేత మిగిలినది. ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణమును స్త్రీలు పాడుకొనదగిన మంజరీ ద్విపదలోనే వ్రాసెను.

సాళువ నరసింహరాయలు తనమీద పాట కట్టుమనగా నిరాకరించి సంకెలల పాలైన కథ మీరెఱిగినదే.

1503లో ఆయన పరమపదించిరి. చెప్పిన సంకీర్తనములు 32,000 అని ప్రతీతి. కుమారుడు పెదతిరుమలాచార్యుడు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల గుడిలో నొక చిన్న రాతి యరయందు భద్రపఱచెను. అవి నాలుగు శతాబ్దములు మరుగున పడియుండి 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పరిశ్రమవలన వెలికివచ్చెను. నేడు లభించునవి సుమారు పండ్రెండువేలు మాత్రమే. ప్రతి పాటపై రాగము పేరున్నది గాని స్వరములు లేవు. కావున ఆయన పాడిన వరుసలు మనకు దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగువారు పెక్కింటికి క్రొత్తగా స్వరములు కూర్చిరి.

సంక్రాంతి సెలవులకు ఊరికేగిన ఆ బాలుడు అవ్వ పాటను కాగితముపై వ్రాసికొని వచ్చి నాకు చూపెను. వరుస వ్రాయుట తెలియక, తలుపు మూసి పాడి వినిపించెను.